అంబలి రంగు

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి
సొహార్‌లో బస్సెక్కుతాను.
సహం, ఖాబూరా, సువైఖ్, బర్కా,
ఊళ్ళని పేజీలతో కొలుచుకుంటాను.
బర్కా వచ్చేసరికి రెండో అధ్యాయం అయిపోవాలి.
ఏ వారమూ అవలేదు.

నలభై ఒకటో ఏట ఎమ్మే,
అదీ బొమ్మలు నేర్పడం ఎలాగో నేర్చుకోవడానికి.
"పద్నాలుగేళ్ళుగా నేర్పుతున్నదేమిటి మరి?" అన్నాడు మా ఆయన.
చపాతీ కాలుస్తూ జవాబు వెతికాను,
ఒకవైపు మాడింది.

మూడో తరగతి పిల్లలు. నూట పన్నెండు కాగితాలు.
ఒకటే ప్రశ్న:
మీ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో గీయండి.
లెక్క కట్టాను.
ఏసీ పెట్టెలు డెబ్బై నాలుగు.
నీళ్ళ ట్యాంకర్లు ముప్పై.
ఖర్జూరపు చెట్టు కన్నా
దాని మొదట్లో పాకే నల్ల పైపునే ఎక్కువమంది గీశారు.
సూర్యుడు మాత్రం అందరికీ కాగితం కుడి మూలనే,
ఆ మూల నేను నేర్పినదే.
అన్నీ పట్టికలో పెట్టాను.
పట్టిక ముచ్చటగా వచ్చింది.

డాక్టర్ బుసైనా పట్టిక చూడలేదు.
కట్టలోంచి ఒక కాగితం లాగి
బల్ల మీద నా వైపు జరిపింది.
మిన్హా, మూడు బి.
కాగితం నిండా ఆకాశం, ఒకే రంగు,
అంచుల దాకా, ఓపిగ్గా, క్రేయాన్ అరిగేలా.
కింద ఎర్ర సిరా:
'ఆకాశం ఈ రంగులో ఉండదు. మళ్ళీ వెయ్యి.'
"ఈ చేతిరాత ఎవరిది?"
గదిలో ఏసీ చప్పుడు
అప్పుడే మొదలైనట్టు వినిపించింది.

తిరుగు బస్సులో ఎడమవైపు కూర్చున్నాను.
కొండలుండాల్సిన చోట కొండల్లేవు.
దుమ్ము లేచి, పైనా కిందా ఒకటే అయిపోయి
పద్నాలుగేళ్ళ తర్వాత
ఆ ఆకాశాన్ని నేరుగా మొహంలోకి చూశాను.
ఏం రంగిది?
'బీజ్' అని రాసి కొట్టేశాను.
గుబార్, అంటుంది బుసైనా, కానీ అది దుమ్ము పేరు.
సువైఖ్ దాటాక మాట నోటికొచ్చింది:
అంబలి.
చల్లారి, పైన పొర కట్టిన జొన్న అంబలి.
ఆ మాటని నాలుగో అధ్యాయంలో ఎక్కడ పెట్టాలో తెలియక
బస్సు టికెట్టు వెనక రాసుకున్నాను.

ఆదివారం స్కూల్లో
క్రేయాన్ల డబ్బాలన్నీ నేల మీద గుమ్మరించాను.
నీలాలు నిటారుగా, కొత్తగా,
కొన్నిటికి కాగితం చొక్కా కూడా నలగలేదు.
అంబలి రంగువి
గోటికి దొరకనంత ముక్కలు.
ఏడాది పొడుగునా చెబుతూనే ఉన్నారు పిల్లలు.
నేను మార్కులు వేస్తున్నాను.

వైవాలో అడిగారు, మీ పరిశోధనకున్న పరిమితులేమిటని.
కాలం, నమూనా పరిమాణం,
బట్టీ పట్టుకునే వెళ్ళాను.
"నా ఎర్ర పెన్ను" అనేశాను.
చివరి కుర్చీలో ఒకాయన నవ్వాడు.
బుసైనా ఏదో రాసుకుంది,
ఏమిటో ఇప్పటికీ అడగలేదు.

విడిగా అమ్మనన్నాడు స్టేషనరీ షాపు షంసుద్దీన్.
ఒక్క రంగు కోసం తొమ్మిది డబ్బాలు కొన్నాను.
నీలాలన్నీ నా బల్ల సొరుగులో పడున్నాయి.

ఏప్రిల్లో వాన.
వాదీ పొంగిందని పదకొండింటికే బస్సులొచ్చాయి.
బ్యాగు తగిలించుకుని మిన్హా నా గదికొచ్చింది,
ఇప్పుడు నాలుగో తరగతి, ముందు పన్ను ఒకటి లేదు.
"మిస్, నీలం ఉందా?"
నాకు ప్రాణం లేచొచ్చింది.
"వానకా? వాదీలో నీళ్ళకా?"
నావంక జాలిగా చూసింది.
"నీళ్ళు మట్టి రంగులో ఉన్నాయి కదా మిస్.
ఇది సెలవుకి."

సొరుగు మొత్తం లాగి దాని ముందు పెట్టాను.
థీసిస్ అప్పటికే
బైండింగుకి వెళ్ళిపోయింది.